కారుకు వేసే నక్షత్రాలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకోవడం వాడుక. ఈరోజు కారు గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. కాని గల్ఫ్ నుంచి వచ్చిన అబ్బాయో, ఉద్యోగం దొరికిన అమ్మాయో అప్పుచేసి కారు కొనడం ఇప్పుడు మన ఇళ్ళలోనూ ఉంది. షోరూములో "ఇది ఫైవ్ స్టార్ బండి సార్" అనగానే నమ్మేస్తున్నాం. ఆ నక్షత్రాలు ఏం చూసి వేస్తారో నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

1970ల చివర అమెరికా ప్రభుత్వం కార్లను గోడకు గుద్దించి, ఫలితాలు ప్రజలకు చెప్పడం మొదలుపెట్టింది. యూరప్‌లో 1997లో తొలి ఫలితాలు వచ్చాయి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్మే అయిదు చిన్న కార్లను పరీక్షిస్తే, పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా వచ్చింది! 2023 అక్టోబరు 1 నుంచి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ అమలులోకి తెచ్చింది. అప్పటి పద్ధతి చెబుతాను.

కారులో మనిషంత బొమ్మలను కూర్చోబెడతారు. వాటి తలలో, మెడలో, ఛాతీలో, కాళ్ళలో దెబ్బను కొలిచే పరికరాలుంటాయి. వెనుక సీట్లో ఏడాదిన్నర బిడ్డ, మూడేళ్ళ బిడ్డ బొమ్మలను పిల్లల సీట్లలో కట్టి ఉంచుతారు. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, కారు ముందుభాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా, తేనెపట్టు లాంటి అల్యూమినియం దిమ్మెకు గుద్దిస్తారు. 50 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి గుద్దిస్తారు. ఎక్కువ నక్షత్రాలు కావాలంటే, 29 కిలోమీటర్ల వేగంతో స్తంభానికి గుద్దే పరీక్ష కూడా నెగ్గాలి. పెద్దల రక్షణకు మొత్తం 32 మార్కులు, పిల్లల రక్షణకు 49. అయిదు నక్షత్రాలకు పెద్దల విషయంలో 27, పిల్లల విషయంలో 41 రావాలి. నక్షత్రాలు రెంటికీ వేర్వేరు. కనుక కొనేవారు రెండూ అడగాలి.

మరొక్క సంగతి. పరీక్షించిన రకం ఏది అనీ అడగాలి. 2014లోనే ఫోక్స్‌వాగన్ పోలో ఎయిర్‌బ్యాగులు లేనిదానికి సున్నా, రెండు ఎయిర్‌బ్యాగులున్నదానికి నాలుగు నక్షత్రాలు వచ్చాయి. పేరొకటే, బండి వేరు! అలాగే చిన్నకారు అయిదు నక్షత్రాలు, పెద్దకారు అయిదు నక్షత్రాలు సమానం కావు. ఎదురెదురుగా గుద్దుకుంటే బరువు తక్కువదానికే దెబ్బ ఎక్కువ. వేగం సంగతీ అంతే. పరీక్ష 64 దగ్గర జరిగింది. మనం 100లో పోతే గుద్దుడు శక్తి సుమారు రెండున్నర రెట్లవుతుంది.

ఇక అసలు మాట. మా బంధువుల అబ్బాయి ఒకడు ఏరికోరి అయిదు నక్షత్రాల కారు కొన్నాడు. వలీమాకు బయలుదేరితే అయిదుగురి బండిలో ఎనిమిదిమంది ఎక్కారు. వెనుక అమ్మీకి బెల్టు లేదు. ముందుసీట్లో కోడలి ఒళ్ళో ఏడాది బిడ్డ. "ఫైవ్ స్టార్ కదా మామూ, భయం లేదు" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. నాయనా, ఆ పరీక్షలో ప్రతి బొమ్మకూ బెల్టు పెట్టారు! బెల్టు లేని మనిషికి ఆ నక్షత్రాలు చెల్లవు. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే పది కిలోల బిడ్డ వంద కిలోలకు పైగా బరువై చేతుల్లోంచి జారిపోతాడు. ఏ తల్లీ పట్టుకోలేదు. పైగా ముందు తెరుచుకునే ఎయిర్‌బ్యాగు పెద్దవాళ్ళ కోసం చేసింది, ఒళ్ళోని బిడ్డకు అదే ప్రాణాంతకం.

ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్తగారి హితవు మనందరికీ తెలుసు. మన కాలానికి బెల్టే ఆ తాడు. వెనుక కూర్చున్నవారూ పెట్టుకోండి. బిడ్డకు పిల్లల సీటు కొనండి, అది వెనుకే బిగించండి. మనుషులు ఎక్కువైతే రెండో బండి మాట్లాడండి. కారుకు లక్షలు పెట్టినవాళ్ళం ఈ కొద్ది ఖర్చుకు వెనకాడవద్దు.

బండెక్కగానే ప్రయాణపు దుఆ చదువుతాం. ఆ నోటితోనే "అందరూ బెల్టు పెట్టుకున్నారా?" అని కూడా అడుగుదాం. బండిని పరీక్షించేవాళ్ళు వేరే ఉన్నారు, మన ఇంటివాళ్ళను చూసుకోవలసింది మనమే.