నాణెము విలువ – కొనుగోలు శక్తి



పరదేశమునకు పోవువాడు మొట్టమొదట అడుగు ప్రశ్న, “అచ్చటి నాణెమునకు మన రూపాయలెన్ని?” అనునది. ఇది అవసరమేగాని, సగము లెక్క మాత్రమే. ఆ నాణెము అచ్చటి అంగడిలో ఏమి కొనగలదో తెలిసినగాని లెక్క తెగదు.

జపాను యెన్ మన రూపాయికన్న తక్కువ వెల గలది. అంతమాత్రమున జపానీయులు మనకన్న పేదలు కారు. 2017లో అమెరికా డాలరు మారకపు ధర సుమారు 65 రూపాయలు. కాని ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యమున దేశదేశముల ధరలను పోల్చిచూడగా, అమెరికాలో డాలరుకు దొరకు సరకులును సేవలును మన దేశమున ఇంచుమించు 21 రూపాయలకే లభించునని తేలినది. స్వీడను ఆర్థికవేత్త గుస్టావ్ కాసెల్ 1918లో ఇట్టి పోలికకు క్రయశక్తి సమత యని పేరిడెను.

ఈ భేదమునకు కారణమేమి? బంగారము దేశములు దాటును. కనుక సుంకములు తీసివేసిన దాని ధర ఎల్లెడల ఇంచుమించొక్కటే. క్షౌరమును, ఇంటి యద్దెయు ఓడనెక్కవు. కూలి హెచ్చుగా నున్నచోట అవి ప్రియము, తక్కువైనచోట చౌక.

కావున కువైటు దీనారములను రూపాయలతో గుణించి, ఆ మొత్తము చూచి అప్పుచేసి బిడ్డలను పంపు తల్లిదండ్రులు కొంత తాళవలెను. జీతమునుండి అద్దె, తిండి, వైద్యము అచ్చటి ధరలకే తీసివేసి, మిగులును మాత్రమే రూపాయలలోనికి మార్చి, అప్పు వడ్డీతో సరిచూడవలెను. తిరిగి వచ్చునపుడు అచ్చట కొను వస్తువు చౌకయో ప్రియమో తేల్చుటకు మాత్రము మారకపు ధరయు, మన సుంకమును లెక్కించవలెను.

జమ యొక్కటే వ్రాసి ఖర్చు వ్రాయనిది చిట్టా కానేరదు.