రేపటి గుబులు

(రాత్రి బడిలో చదువుకుంటున్న ఆడవాళ్ళకు చెప్పిన మాటలు)

 

ఈ పూట పుస్తకాలు కాసేపు పక్కన పెట్టండి. ఒక మాట అడుగుతాను. ఇంట్లో అందరూ పడుకున్నాక మీకు నిద్ర పడుతుందా? కొందరు తల అడ్డంగా ఊపుతున్నారు. నాకూ ఒకప్పుడు పట్టేది కాదు.

మాది మెట్ట చేను. ఒక ఏడు అప్పు తెచ్చి బుడ్డలు విత్తినాము. ఇరవై రోజులు చినుకు రాలలేదు. పగలంతా పనిలో మరిచిపోయేదాన్ని. రాత్రి నడుం వాల్చితే మొదలయ్యేది. వాన రాదేమో. పంట పోతుందేమో. అప్పు తీరదేమో. బిడ్డ పెళ్ళి ఆగిపోతుందేమో. ఆయన ఏమన్నా చేసుకుంటాడేమో. ఒక 'ఏమో' వెనక ఇంకో 'ఏమో'. గుండె దడదడ. అరచేతుల్లో చెమట. కడుపులో తిప్పు. నాకేదో పెద్ద రోగం వచ్చిందనుకున్నాను.

అది గుండె జబ్బు కాదు, గుబులు. డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది.

చేలో కలుపు తీస్తుంటే పాము కనబడిందనుకోండి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాళ్ళకు బలం వస్తుంది. ఎగిరి దూరం దూకుతాము. ఆ భయం మనల్ని కాపాడింది. కానీ రాత్రి పడక మీద పాము లేదు. పాము తలపు మాత్రమే ఉంది. ఒంటికి ఆ తేడా తెలియదు. తలపుకు కూడా అట్లనే దడదడలాడుతుంది.

పెద్దమ్మలకు గుర్తుండే ఉంటుంది. 1979లో స్కైలాబ్ పడుతుందన్నారు. అమెరికావాళ్ళు ఆకాశంలోకి పంపిన పెద్ద యంత్రం అది. మన నెత్తిన పడుతుంది, అందరం పోతాము అని ఊరూరా పుకారు. కొందరు మేకలను, కోళ్ళను కోసుకుని తిన్నారు. కొందరు ఉన్నది అమ్ముకున్నారు. జూలై 11న అది పడింది. యాడ? హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా దేశంలో. ఒక్క మనిషి కూడా చావలేదు. మరునాడు మనవాళ్ళకు మేకలు లేవు. స్కైలాబ్ చేయని నష్టం భయం చేసింది.

అట్లని భయాలన్నీ ఉత్తివే అని నేను చెప్పను. 2009 అక్టోబరు 2న కర్నూలులో ఏమైంది? తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి టౌను మునిగింది. నీళ్ళు వస్తున్నాయని భయపడి మిద్దెలెక్కినవాళ్ళు బతికి బయటపడ్డారు. ఆ భయం మంచిదే. ఆ రోజుల్లోనే శ్రీశైలం డ్యాం తెగుతుందేమో అని జనం హడలిపోయారు. డ్యాం తెగలేదు. రెండు భయాలకూ గుండె ఒకే తీరుగా కొట్టుకుంది. ఏది నిజమో గుండె చెప్పలేదు. మనమే కూర్చుని ఆలోచించాలి.

మరి ఏం చేయాలి? "దిగులు పడొద్దు" అంటే దిగులు పోతుందా? మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దు అన్న కథ మీకు తెలిసిందే. వద్దన్నకొద్దీ కోతే కళ్ళ ముందు ఆడుతుంది. అందుకని గుబులును తరమవద్దు. కాగితం మీద కూర్చోబెట్టండి. మీకు ఇప్పుడు రాయడం వచ్చు కదా!

కాగితం నడుమ ఒక గీత గీయండి. ఎడమ పక్క 'నా చేతిలో లేనిది' అని రాయండి. కుడి పక్క 'నా చేతిలో ఉన్నది' అని రాయండి. నేను ఎడమ పక్క 'వాన' అని రాసినాను. కుడి పక్క ఏముంది? వ్యవసాయాధికారిని అడగవచ్చు. పంట బీమా ఉందో లేదో కనుక్కోవచ్చు. వచ్చే ఏడు బుడ్డల్లో కంది సాలు వేయవచ్చు. అప్పు ఇచ్చినాయనతో ముందే మాట్లాడి గడువు అడగవచ్చు. నాలుగు పనులు దొరికినాయి. మరునాడు ఒకటి చేసినాను.

కడప పక్క అక్కలకు ఇంకో గుబులు. కూతురో, మొగుడో కువైట్‌లో ఉంటారు. రెండు రోజులు ఫోను రాదు. అక్కడ ఏమైందో మన చేతిలో లేదు. కానీ పనిచేసే ఇంటి నంబరు, పాస్‌పోర్టు నంబరు, అక్కడున్న మన ఊరివాళ్ళ నంబరు ముందే రాసిపెట్టుకోవడం మన చేతిలో ఉంది.

రెండో ఉపాయం. గుబులుకు ఒక వేళ పెట్టండి. సాయంత్రం దీపాలు పెట్టక ముందు పావుగంట. రాత్రి తలపు వస్తే "రేపు సాయంత్రం రా, మాట్లాడుదాం" అనండి. మొదట్లో వినదు. వారం పది రోజులకు కొంచెం అలవాటవుతుంది.

మూడోది ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి. ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. పది సార్లు చేయండి. దడ తగ్గుతుంది. రండి, ఇప్పుడే అందరం చేద్దాం.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. నోరు తెరిచి చెప్పడం. నేను మా తోటికోడలికి చెప్పినాను. ఆమె నవ్వలేదు. "నాకూ అంతే అక్కా" అనింది. ఆ రాత్రి ఇద్దరమూ నిద్రపోయినాము.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. రెండు వారాలు దాటినా నిద్ర లేదు, తిండి సయించదు, పని చేతకాదు అంటే ఆసుపత్రికి పోవాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో మనసుకు వైద్యం చేసే డాక్టర్లు ఉంటారు. జ్వరానికి పోయినట్టే దీనికీ పోవాలి. పిచ్చి అని ఎవరన్నా అంటే అననీండి. మందులు డాక్టరు చెప్పినట్టే వాడాలి. మన ఇష్టానికి ఆపకూడదు.

చచ్చిపోవాలనే తలపు మీకు వచ్చినా, ఇంట్లో మగమనిషి అట్ల మాట్లాడినా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలవద్దు. పురుగుల మందు డబ్బా ఇంట్లోంచి తీసి తాళం వేసిన చోట పెట్టండి. 14416కు ఫోను చేయండి. 2022లో ప్రభుత్వం పెట్టిన నంబరు ఇది. రాత్రీ పగలూ పలుకుతారు. తెలుగులో మాట్లాడతారు. డబ్బు కట్టేది లేదు. ఈ నంబరు ఇప్పుడే నోటుబుక్కులో రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

ఆ ఏడు మాకేమైందని అడుగుతారా? వాన ఆలస్యంగా వచ్చింది. పంట సగమే చేతికొచ్చింది. బిడ్డ పెళ్ళి ఒక ఏడు వెనక్కి పోయింది. అప్పు తీర్చడానికి మూడేండ్లు పట్టింది. కష్టం నిజమే. కానీ నా 'ఏమో'ల్లో సగం జరగలేదు. జరిగిన సగాన్ని నిద్రపోయిన ఒంటితో మోసినాను.

రేపు వచ్చేటప్పుడు ఆ కాగితం రాసుకుని రండి. తప్పులు పోయినా ఫరవాలేదు. చూపించాలని లేకపోతే చూపించొద్దు. కుడి పక్క ఒక్క పని ఉన్నా చాలు. ఇక మీరు చెప్పండి, నేను వింటాను.