చూడడమే సాధన
(ఆలయ పునఃప్రతిష్ఠా మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

ప్రతిష్ఠా కర్మలో నేత్రోన్మీలనం అత్యంత ప్రధానమైన ఘట్టం. తెర లోపల స్వర్ణశలాకతో బింబానికి కన్నులు తెరుస్తారు. తొలి చూపు మంగళద్రవ్యాలపై పడవలెనని సవత్స అయిన గోవును, ధాన్యరాశిని, అద్దమును ఎదుట నిలుపుతారు. స్వామి మనలను చూడడం అక్కడ ఆరంభమవుతుంది. మరి మనం స్వామిని చూస్తున్నామా? ఎంతో దూరం నుండి వచ్చి, వరుసలో నిలిచి, తీరా తెర తొలగి హారతి వెలిగిన క్షణాన చాలామంది కన్నులు మూసుకొంటారు. అది భక్తి కాదని అనను. అయితే గర్భాలయపు చీకటిలో దివ్యమంగళ మూర్తిని పాదాది కేశాంతం దర్శింపజేయడానికే కదా ఆ హారతి!

రెప్ప వాల్చక చూడడం మన పెద్దలు చెప్పిన యోగసాధన. దాని పేరు త్రాటకం. 15వ శతాబ్దికి చెందిన స్వాత్మారామ యోగి తన 'హఠయోగ ప్రదీపిక' ద్వితీయోపదేశంలో ధౌతి, వస్తి, నేతి, నౌళి, కపాలభాతులతో పాటు దీనిని షట్కర్మలలో చేర్చాడు. సూక్ష్మమైన లక్ష్యంపై కన్నీరు వచ్చేవరకు చూపు నిలపడం దాని లక్షణం. 'ఘేరండ సంహిత' దీనిని శాంభవీ ముద్రకు సోపానంగా పేర్కొన్నది. గీత ఆరవ అధ్యాయంలో యోగి చిత్తానికి గాలి సోకని దీపమే ఉపమానం.

విధానం సులభమే. సంధ్యవేళ గాలి రాని గదిలో, రెండు మూరల దూరాన, కన్నుల ఎత్తులో ఆవునేతి దీపం ఉంచండి. వెన్ను నిటారుగా ఉంచి, జ్వాలను చూడండి. తొలిదినాలలో ఒకటి రెండు నిమిషాలు చాలు. కన్నులు చెమర్చగానే మూసుకొని, లోపల కనిపించే వెలుగును భ్రూమధ్యంలో గమనించండి. మనస్సు పరుగెత్తితే కోపించక మరల తీసుకొనిరండి. సూర్యుని వైపు మాత్రం ఎన్నడూ చూడరాదు. నేత్రవ్యాధులు, మూర్ఛ, తీవ్రమైన తలనొప్పి గలవారు వైద్యుని అడగక దీనిని చేయరాదు.

ఈ మాట స్టూవర్టుపురంలో చెప్పడానికి కారణమున్నది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఇక్కడ ఎరుకల కుటుంబాలకు సెటిల్‌మెంటు ఏర్పడింది. పుట్టుకయే నేరమైనట్లు మనుషులు హాజరు పలుకవలసి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. కాని ఊరి పేరు వినగానే మారే ఎదుటివారి చూపును ఏ శాసనం రద్దు చేయగలదు? చదువుకొన్న బిడ్డ కూడా ఊరి పేరు చెప్పడానికి ఒక క్షణం వెనుకాడవలసి వచ్చిందంటే, ఆ దోషం చెప్పేవానిది కాదు, చూసేవానిది.

ముందుగా ఏర్పరచుకొన్న అభిప్రాయం కంటికి అడ్డుపడిన రెప్ప వంటిది. ఉన్నదానిని ఉన్నట్లు చూడడమే త్రాటకం నేర్పే పాఠం. ఆకాశరాజు నగరికి శ్రీనివాసుడు ఎరుకలసాని రూపంలో వెళ్లి ఎరుక చెప్పిన కథ మనకందరికీ తెలిసినదే. స్వామి ధరించడానికి సందేహించని రూపాన్ని మనం సందేహించి చూడవచ్చునా? ఎరుక అంటే జ్ఞానం. చూపు నిలిస్తే కలిగేది అదే.

కనుక నాదొక విన్నపం. ప్రతిష్ఠానంతరం మండల కాలం 48 దినాలు ప్రతి ఇంటా సంధ్యవేళ ఈ దీపదర్శనం చేయండి. ఆలయానికి వచ్చినప్పుడు సెల్‌ఫోను పక్కనుంచి, కన్నులు తెరచి స్వామిని చూడండి. పిదప పక్కన నిలిచినవానిని కూడా అదే చూపుతో చూడండి. శిలాఫలకంపై పేరున్న దాతను, ఇటుకలు మోసి పేరు లేకుండా వెళ్లిన కూలీని గర్భాలయంలోని కన్నులు ఒక్క తీరుగనే చూస్తున్నవి.

ఆ సమదృష్టిని స్వామి మనకందరికీ అనుగ్రహించుగాక!

శుభం భూయాత్.