గన్నవరం పాత అక్విడక్టు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కోనసీమలో చూడదగ్గవేమిటని బయటూరి వాళ్లు అడిగితే మనం తడుముకోం. అంతర్వేది నరసింహస్వామి, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి, పలివెల కొప్పేశ్వరస్వామి, అప్పనపల్లి బాలబాలాజీ, కనుమనాటి జగ్గన్నతోట ప్రభలు... గుక్క తిప్పుకోకుండా చెబుతాం. ఆ వరసలో పి.గన్నవరం పాత అక్విడక్టు పేరు రాదు. రాజోలు వైపు పోతూ దాన్ని చూసీ చూడనట్టు దాటిపోయిన వాళ్లమే అందరం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువ నీళ్లు గన్నవరం దాకా వచ్చాయి. ఎదురుగా వైనతేయ పాయ. అవతల నగరం దీవి. చుట్టూ గోదావరి పాయలు, సముద్రం. చేలకు మాత్రం వానే దిక్కు. అప్పుడు కాటన్ దొర కింద పనిచేసే హేగ్ అనే ఇంజనీరు ఏటి మీదుగానే కాలువను నడిపించాడు. 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగులు. కింద వరద గోదారి, పైన సాగునీరు. సిమెంటు ఎరగని రోజుల్లో సున్నంతో కట్టారు. నూట నలభై ఏళ్లకు పైగా ఆ దీవి చేలు ఈ నీటితోనే తడిశాయి. మనలో అవతలి ఒడ్డు నుంచి వచ్చిన వాళ్ల ఫీజులు ఎక్కడివనుకున్నారు? ఆ ధాన్యం డబ్బులే.

2000లో పక్కనే కొత్త అక్విడక్టు వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన వాళ్లకు కూడా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. నీళ్లు మోసే కట్టడానికి ఆ పేరు పెట్టడం, నాకైతే, వంద విగ్రహాల పెట్టు.

పాతది పక్కనే ఉంది. పని లేదు కాబట్టి పట్టించుకునే వాళ్లూ తక్కువే. అంతర్వేది రథం 2020లో కాలిపోతే నెలల్లోనే కొత్తది చేయించుకున్నాం. ఈ కమాను ఒక్కటి కూలితే ఎవరు కడతారు? సున్నం గానుగ పట్టి గోడ కట్టే మేస్త్రీలు ఎంతమంది మిగిలారు?

మన సంఘానికి రెండు మనవులు. ఇరిగేషన్ వారి అనుమతి తీసుకుని, అక్కడ తెలుగులో నాలుగు వాక్యాల ఫలకం పెట్టిద్దాం. ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని, వరద తగ్గాక, ఒక పూట అక్కడికి తీసుకెళదాం. బస్సు ఖర్చు మా బ్యాచి పెట్టుకుంటుంది.