సంకల్పము - సమర్పణ
(సంఘ కుటుంబముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశములోని ఈ రెండు మాటలను మనము సాధారణముగా విడదీసి మాట్లాడుదుము. పట్టుదల గలవారు ఒక ప్రక్క, అంతయు దేవుని మీద వేసినవారు మరియొక ప్రక్క. నాకట్లు తోచదు. గెత్సేమనే తోటలో ప్రభువు మొదట తన కోరికను దాచకుండ చెప్పెను. ఆ గిన్నె తొలగవలెనని అడిగెను. తండ్రి చిత్తమునకు ఒప్పుకొనుట ఆ తరువాతి మాట. అసలు ఏమియు కోరనివానికి అప్పగించుటకు ఏమున్నది?

యాకోబు పత్రిక నుండి మనకు వచ్చిన మాట ఒకటున్నది: "ప్రభువు చిత్తమైతే." ప్రయాణమునకు ముందు, పెండ్లి మాటలలో, ఉత్తరము చివర దీనిని వాడుదుము. మంచి అలవాటే. కాని కొందరి నోట ఇది పని తప్పించుకొను మాట అయినది. సండేస్కూలుకు టీచరుగా వత్తురా అని అడిగితే "ప్రభువు చిత్తమైతే వస్తానండి" అందురు. వారు రారని మనకు అప్పుడే తెలియును!

దోర్నకల్ ప్రథమ బిషప్ అజరయ్య గారి సంగతి చూడుడి. 1874లో తిరునెల్వేలి ప్రాంతములో పుట్టిన తమిళుడాయన. 1903లో అక్కడ భారతీయ మిషనరీలను పంపు సొసైటీ ఏర్పడుటకు పాటుపడిరి. ఇతరులను పంపుటతో ఆగక, 1909లో తామే దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్ అగుట అదే మొదలు.

ఆయనకొక గొప్ప కోరిక ఉండెడిది. ఒకే ఊరిలో క్రైస్తవులు రెండు మూడు మిషనుల పేర చీలియుండుట ఆయన ఓర్వలేకపోయిరి. 1919 మే నెలలో తరంగంబాడిలో వేరువేరు సంఘముల పాదిరులు కూడి, మనము ఏకము కావలెనని ప్రకటించినప్పుడు ఆయన వారిలో ముఖ్యులు. కోరిక స్పష్టముగానే చెప్పిరి. తరువాత నడిచినవి కమిటీలు. బిషప్పులు ఉండవలెనా వద్దా? బిషప్ చేతులుంచని పాదిరి ప్రభు భోజనము ఇయ్యవచ్చునా? 1929లో ఒక ప్రణాళిక అచ్చయినది. దానికి సవరణలు, సవరణలకు ఆక్షేపణలు. మన పాస్టరేటు కమిటీలో ఒక తీర్మానమునకు మూడు నెలలు పట్టితే విసుగుకొందుము గదా. అక్కడ పాతికేండ్లు గడిచెను.

ఆ మధ్య కాలములో ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పల్లెలు తిరిగిరి, ఉపదేశకులను తయారుచేసిరి. గుడుల, మసీదుల వాస్తురీతులను కలుపుకొని కట్టిన దోర్నకల్ కెథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడుట కన్నులార చూచిరి. సంఘముల ఐక్యత మాత్రము చూడలేదు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము మద్రాసులో ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. తేదీ తన చేతిలో లేదని తెలిసియు, చేతిలోనున్న పనిని చివరి వరకు విడువలేదు. నేను సమర్పణ అని చెప్పునది దీనినే.

ఇక మన ఇండ్లకు వత్తము. పొలము, ఉద్యోగము, ఇల్లు కట్టుట, వీటిలో అనుకొన్నది జరుగకపోతే మనము ఏదో విధముగ సర్దుకొందుము. పిల్లల సంగతి వచ్చునప్పటికి మాత్రము చేయి సడలదు. "మా వాడు డాక్టరు కావలెనని ప్రార్థన పెట్టుకొన్నామండి" అందురు. ఆ ప్రార్థనలో పిల్లవాని సమ్మతి ఎక్కడున్నది? ప్రతి యేడు ఇంటర్ ఫలితాల వారములో పిల్లలు ప్రాణములు తీసికొన్న వార్తలు పత్రికలలో చదువుచున్నాము. ఆ ఇండ్లలో ప్రేమ లేదని ఎవరనగలరు? కావలసినంత ప్రేమ ఉండియుండవచ్చును. నేను ఏ తల్లిదండ్రులకును తీర్పు తీర్చను. కాని మార్కుల కాగితము ఇంటికి వచ్చిన సాయంత్రము మన ముఖము ఎట్లుండునో పిల్లలు ముందుగనే ఊహించుకొని భయపడుచున్నారు. ఇది మనము ఆలోచింపవలసిన సంగతి.

హన్నాను జ్ఞాపకము చేసికొనుడి. కుమారుడు కావలెనని కన్నీటితో అడిగెను. అడిగినవానిని షిలోహులో విడిచి వచ్చెను. విడిచి మరచిపోలేదు. ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్లెను. తల్లులారా, ఆ అంగీ కొలత మీకు తెలియును గదా! నిరుటి కొలత ఈ యేడు పనికిరాదు. అతడెంత ఎదిగెనో అంతకు సరిపడ ఆమె కుట్టవలసినదే గాని, అంగీకి సరిపడ అతడు ఎదుగడు.

ఫీజు కట్టుట మన పని. వేకువను లేపుట, వేడిగా ఇంత పెట్టుట, చదువుకొను గదిలో టీవీ గోల లేకుండ చూచుట మన పని. ర్యాంకు మన పని కాదు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఒక పని చేయుడి. "నీకేమి కావలెనని ఉన్నదిరా?" అని మీ అబ్బాయిని, అమ్మాయిని అడుగుడి. అడిగిన వెంటనే మీరే జవాబు చెప్పక, వారు చెప్పువరకు కొంచెము ఆగుడి. వారు చెప్పిన మాటనే, వారు చెప్పినట్లే, ప్రార్థనలో పెట్టుడి.