మాత్ర అన్నంతో పాటే



పోయిన వారం మన దిండి కేంద్రానికి వచ్చే ఒక పిన్నిగారు నన్ను ఆపారు. వాళ్ళాయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్తారు.

"కాళ్ళ ఎముకలు లాగేస్తున్నాయంటున్నారమ్మా. రోజూ రెండు గ్లాసుల పాలు ఇస్తున్నాను. ఎండు మెత్తళ్ళు వండుతున్నాను. కాల్షియం మాత్ర పొద్దున్నే పరగడుపున వేస్తున్నాను. అయినా తగ్గదేం?" అన్నారు.

ఆవిడ ప్రేమతో చేశారు. మనమైనా అదే చేస్తాం. కాని ఆ మూడూ ఎదురు తిరిగాయి. నేను డాక్టర్ని కాను. అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతున్నాను.

పాలు, పప్పు, చేప, మాంసం అన్నిట్లో ఫాస్ఫరస్ ఉంది. ముల్లుతో సహా తినే ఎండుచేపలో మరీ ఎక్కువ. మన ఒంట్లో ఎక్కువైన ఫాస్ఫరస్ మూత్రంలో పోతుంది. కిడ్నీలు చెడితే రక్తంలోనే ఉండిపోతుంది. డయాలసిస్ మిషను నాలుగు గంటల్లో కొంతే తీస్తుంది.

ఫాస్ఫరస్ పెరిగితే మెడలో ఉన్న చిన్న గ్రంథులు ఎముకల్లోంచి కాల్షియం బయటికి లాగుతాయి. అందుకే ఎముకల నొప్పి. ఒళ్ళంతా దురద కూడా పుడుతుంది. నీళ్ళు కాచే గిన్నెకు లోపల తెల్లగా పట్టేస్తుంది చూశారా? అలా ఆ రెండూ కలిసి రక్తనాళాలకు పడతాయి. గుండెకు అదే ముప్పు.

మరి ఆ మాత్ర ఎందుకు? డయాలసిస్ వారికి చాలాసార్లు దాన్ని ఎముక కోసం ఇవ్వరు. తిన్న తిండిలోని ఫాస్ఫరస్‌ను పొట్టలోనే పట్టి, దొడ్డికి వెళ్ళినప్పుడు బయటికి పంపడానికి ఇస్తారు. చేపలు లేని చోట వల వేస్తే ఏం పడుతుంది? పరగడుపున వేస్తే ఆ పని జరగదు. కాల్షియం మాత్రం రక్తంలో చేరుతుంది. అన్నం తింటూ వేసుకోవాలి. మీ మాత్ర ఏ పనికో డాక్టరుగారిని అడగండి. మీకు మీరే మార్చకండి.

అలాగని చేప మానిపించకండి. డయాలసిస్ మనిషికి బలం కావాలి. పచ్చిచేప ముక్క, గుడ్డులో తెల్లసొన మంచివి. పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువ. ఇంకో మాట. మన కోనసీమలో ఎవరొచ్చినా బొండం కొట్టి ఇస్తాం. వీరికి వద్దు. అందులో పొటాషియం ఉంటుంది. అది పెరిగితే గుండె ఆగిపోవచ్చు.

రక్త పరీక్ష కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. భయం వద్దు. ఫాస్ఫరస్ వరస కింద గీత గీయమని నర్సమ్మను అడగండి. అంకెలు మనకు వచ్చినవే. మామూలుగా 2.5 నుంచి 4.5 ఉండాలి. డయాలసిస్ వారికి 5.5 దాటకుండా చూస్తారు.

నిన్న పిన్నిగారు ఆ కాగితం తెచ్చారు. గీత మీద వేలు పెట్టి ఆవిడే చదివారు. 7.2. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నోటుపుస్తకం తీసి డాక్టరుగారిని అడగాల్సినవి రాసుకున్నారు. "మాత్ర ఎప్పుడు? పాలు ఎంత?" గురువారం వెళ్తున్నారు.