స్థిరాస్తి వ్యవహారములు – న్యాయవాది యావశ్యకత



సంస్కృతబోధనయే వృత్తిగా గడపిన మేము చట్టమును గూర్చి ప్రసంగింప బూనుట సాహసమని మీకు దోచవచ్చును. కాని యాజ్ఞవల్క్యస్మృతి వివాదనిర్ణయమునకు లిఖితము, భుక్తి, సాక్షులు అను మూడింటిని ప్రమాణములుగా జెప్పినది. అనగా పత్రము, అనుభవము, ఎరిగినవారి మాట. నేటి స్థిరాస్తి న్యాయవాది పరీక్షించునదియు నీ మూడింటినే.

మొదటిది లిఖితము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము 100 రూపాయలకు తక్కువకాని స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు వలననే సిద్ధించును. క్రయపు ఒడంబడిక వలనగాని, జనరల్ పవరు పత్రము వలనగాని స్వామ్యము సంక్రమింపదని 2011లో సూరజ్ ల్యాంప్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్పష్టపరచినది. ఇట్టి కాగితములనే పెట్టెలో దాచుకొని నిశ్చింతగా నున్నవారు మనలో లేరా?

రెండవది భుక్తి. ఈసీలో రిజిస్టరైన వ్యవహారములే కనబడును. నోటిమాట కౌలు అందు గానరాదు. కావున యోగ్యుడగు న్యాయవాది లింకు దస్తావేజులతో తృప్తిపడక, అడంగలులో నెవరి పేరున్నదో, పొలము నెవరు దున్నుచున్నారో విచారించును. యజమానికి ప్రతికూలముగా నొకడు 12 ఏండ్లు భూమి ననుభవించిన, 1963 నాటి కాలపరిమితి చట్టము వలన యజమానికి దావాహక్కు నశించును. కాని కౌలుదారుని యనుభవము అనుమతితో గూడినది. ఏండ్లు గడచినంతమాత్రమున నది ప్రతికూలము కానేరదు.

ఈ భేద మెరుగకయే పలువురు భూయజమానులు కౌలుపత్రమనిన బెదరుదురు. 1950 నాటి హైదరాబాదు కౌలు చట్టము రక్షిత కౌలుదారులకు గట్టి హక్కుల నొసగిన మాట నిజమే. అయితే ఒక చట్టమునుబట్టి వేరొక దానికి భయపడుట తగదు. ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన పంట సాగుదారు హక్కుల చట్టము, యజమాని స్వామ్యమునకు భంగము లేకుండ, 11 నెలల ఒడంబడికతో పంటఋణము, బీమా, నష్టపరిహారము కౌలుదారునకు జేరవలెనను నుద్దేశముతో నేర్పడినది. దానికి యజమాని సంతకము కావలసివచ్చెను. ఆ సంతకమే పలువురకు దొరకదయ్యెను.

సంతకము లేనివానికి మిగిలినది మూడవ ప్రమాణమగు సాక్షులు. తుపానులో పైరు మునిగిననాడు ఇరుగుపొరుగువా రెరిగిన సత్యమైనను, మొగమాటముచే నోట రాదు. పెట్టుబడి యొకనిది, పరిహారము వేరొకనిది యగుట ధర్మమా?

ఈ సభయందు భూములిచ్చినవారును, కౌలుకు దున్నువారును ఒకే పంక్తిని గూర్చుండియున్నారు. కావున మా మనవి రెండు మాటలు. భూమి కొనుటకు, కౌలున కిచ్చుటకు, పుచ్చుకొనుటకు ముందే న్యాయవాదిని సంప్రతింపుడు. తగవు ముదిరిన పిమ్మట బోయినచో వ్యయమే కాని ఫలము దుర్లభము. మన యువ న్యాయవాదులు భూమి చట్టములయందు విశేషకృషి చేసి, నెలకొక దినము సంఘభవనమున ఉచితముగా పత్రములు చదివి చెప్పవలయును. విరోధించిన యిరుపక్షములకు ఒకరే వకాల్తా పుచ్చుకొనరాదు. చట్టమిట్లున్నదని ఇరువురకును దెలుపుటలో మాత్రము దోషము లేదు. ఇందుకు వలయు గ్రంథములను, వ్యయమును పోషకమహాశయులు సమకూర్తురుగాక యని ప్రార్థించుచున్నాము.